'తిరుగుబాటు' ఒక్కటే అన్నిచోట్లా సరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు చిత్తూరులో ఉంటూ ఈ మధ్యే అనువాదాలు మొదలుపెట్టారట. చేతిలో ఉన్నది దక్షిణాది చరిత్ర మీద ఇంగ్లీషు పుస్తకంలోని ఒక అధ్యాయం. రెబెలియన్, రివోల్ట్, మ్యూటినీ, అప్‌రైజింగ్, సెడిషన్ అన్నీ ఒకే పేజీలో వచ్చాయి. అన్నిటికీ 'తిరుగుబాటు' అని రాసి పంపితే పరిష్కర్త అయిదు చోట్లా ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపారు. ఏది తప్పు, ఎందుకు తప్పు, మరి ఏ మాట ఎక్కడ వాడాలి అన్నది ప్రశ్న.

ముందు జవాబు. అయిదింటిలో మూడు మీరు రాసింది ఒప్పే. రెబెలియన్, రివోల్ట్, మ్యూటినీ మూడింటికీ తెలుగులో తిరుగుబాటే మాట. ఎవరు చేశారో ముందు చేరిస్తే తేడా దానంతట అదే తెలుస్తుంది: సిపాయిల తిరుగుబాటు, పాళెగాళ్ల తిరుగుబాటు, నావికుల తిరుగుబాటు. అప్‌రైజింగ్‌కు సందర్భాన్ని బట్టి మాట మారుతుంది. సెడిషన్‌కు మాత్రం తిరుగుబాటు పూర్తిగా తప్పు. అది రాజద్రోహం, చట్టంలోని మాట. మీ పరిష్కర్త అయిదు సున్నాలూ చుట్టింది బహుశా ఒకే మాట అయిదుసార్లు కంటికి తగిలినందుకు కావచ్చు. ఆ విసుగు నాకు తెలుసు. తిరుపతిలో ఒక దినపత్రిక డెస్కులో 31 ఏళ్లు కూర్చుని నేనూ అలాంటి సున్నాలు చాలా చుట్టాను.

ఇక కారణాలు. తిరుగుబాటు అనే మాట వాడే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఎదురు నిలిచినవాడు అంతకుముందు ఆ అధికారం కింద ఉన్నాడా? ఉంటేనే తిరుగుబాటు. లేకపోతే యుద్ధం, దాడి, ప్రతిఘటన, నిరసన, ఇంకేదైనా కావచ్చు.

ఈ షరతు నేను పెట్టింది కాదు, మాట పుట్టుకలోనే ఉంది. తడబడు నుంచి తడబాటు, పొరబడు నుంచి పొరబాటు, కట్టుబడు నుంచి కట్టుబాటు ఎలా వచ్చాయో, తిరగబడు నుంచి తిరుగుబాటు అలా వచ్చింది. 'పడు' సాగి 'పాటు' అయింది, చెడు చేటు అయినట్టు. తిరగబడాలంటే అంతవరకూ ఒక దిక్కుకు నడుస్తూ ఉండాలి. కాడి కింద ఉన్న ఎద్దు తిరగబడుతుంది. అడవి దున్న మీదికి వస్తుంది కానీ తిరగబడదు. కట్టుబాటు, తిరుగుబాటు ఒకే అచ్చులో పోసిన మాటలు కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

తిరగబడటానికి ఇంకో అర్థం కూడా ఉంది కదా, బోల్తా పడటం. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు భాకరాపేట ఘాట్‌లో మామిడికాయల లారీ తిరగబడిన వార్త రాసి, శీర్షికలో అక్షరాలు పొదుపు చేయాలని 'ఘాట్‌లో లారీ తిరుగుబాటు' అని పెట్టాడు. అచ్చుకు వెళ్లే ముందు పట్టుకున్నాం. క్రియకు రెండు అర్థాలున్నా నామానికి ఒక్కటే మిగిలిందని ఆ రోజు వాడికి చెప్పాను. జ్వరం తిరగబెడుతుంది, లారీ తిరగబడుతుంది, తిరుగుబాటు మాత్రం మనుషులే చేస్తారు.

మామిడి అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. తోతాపురి ధర పడిపోయిన ఒక ఏడాది రైతులు గుజ్జు పరిశ్రమ గేటు ముందు ట్రాక్టర్లతో కాయలు కుమ్మరించారు. మా విలేకరి 'మామిడి రైతుల తిరుగుబాటు' అని పంపాడు. నేను 'ఆందోళన' అని మార్చాను. రాత్రి ఫోను చేసి "వాళ్ల కోపాన్ని మీరు చల్లార్చేశారు సార్" అన్నాడు. కోపం సంగతి నిజమే. కానీ రైతు ఆ పరిశ్రమకు సరుకు అమ్మేవాడు, దాని కింద ఉన్నవాడు కాదు. తిరుగుబాటు అంటే పరిశ్రమ రైతుకు యజమాని అని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. అతనికి నచ్చలేదు. నేను మాత్రం ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

ఈ 'కింద ఉండటం' దగ్గరే చరిత్ర రాసేవారికి చిక్కు వస్తుంది. మీ అధ్యాయంలో మన చిత్తూరు పాళెగాళ్లు ఉన్నారన్నారు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోని కర్ణాటక ప్రాంతమంతా (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) ఈస్టిండియా కంపెనీకి దక్కింది. దానితోపాటే చిత్తూరు పాళేలు, అంటే పాళెగాళ్ల ఏలుబడిలోని ఊళ్లు కూడా. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పాళెగాళ్లు ఎదురు నిలిచారు, కంపెనీ పటాలాలను దింపింది. కంపెనీ దృష్టిలో అది రెబెలియన్, ఎందుకంటే కాగితం మీద వాళ్లు అప్పటికే కంపెనీ కింది వాళ్లు. పాళెగాడి వైపు నుంచి చూడండి. నవాబుకు పేష్కషు, అంటే కప్పం కట్టేవాడు, ఊళ్ల కావలి చూసుకునేవాడు, తన కోటలో తాను ఉండేవాడు. ఎక్కడో జరిగిన ఒప్పందం తనను కొత్త యజమానికి ఎప్పుడు అప్పగించిందో అతను అడిగితే జవాబేమిటి? అతను తిరగబడ్డాడా, తన చోట తాను నిలబడ్డాడా?

దీన్ని కోవెలకుంట్ల వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డితో పోల్చి చూడండి. ఆయన కుటుంబం జాగీరు పోగొట్టుకుని కంపెనీ ఇచ్చే తవర్జీ మీద ఉన్నది. తవర్జీ అంటే భరణం. 1846లో ఆయన ఆయుధం పట్టారు, 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. అప్పటికి కంపెనీ పాలన దత్తమండలంలో (నిజాం కంపెనీకి ఇచ్చేసిన రాయలసీమ ప్రాంతంలో) నాలుగున్నర దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ తిరుగుబాటు అనే మాట అన్ని విధాలా అతుకుతుంది. కాబట్టి నేనైతే నరసింహారెడ్డికి తిరుగుబాటు అని నిస్సంకోచంగా రాస్తాను. 1801 తర్వాతి చిత్తూరు పాళెగాళ్ల దగ్గర రచయిత సొంత గొంతుతో మాట్లాడుతుంటే 'ప్రతిఘటన' అంటాను, కంపెనీ దస్త్రాన్ని ఉటంకిస్తుంటే 'తిరుగుబాటు' అంటాను. దస్త్రం గొంతును దస్త్రం గొంతుగానే ఉంచడం అనువాదకుడి బాధ్యత.

మ్యూటినీకి రండి. మీ ఊరి నుంచి బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా వేలూరు కోట. 1806 జూలై 10న తెల్లవారకముందే అక్కడి సిపాయిలు తెల్ల సైనికుల మీద పడ్డారు. అంతకు ముందు ఏడాది వచ్చిన కొత్త తలపాగా, అందులోని తోలు తురాయి, నుదుటి మీద మతచిహ్నాలు వద్దనడం, గడ్డాల మీద ఆంక్షలు దీనికి దారితీశాయి. టిప్పు సుల్తాను కొడుకులు అదే కోటలో బందీలుగా ఉండటం దీనికి తోడైంది. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి ఆ రోజే అణచివేసింది. ఇది 1857కు అర్ధశతాబ్దం ముందు మాట. సైన్యంలో ఉన్నవాడు పైవాడి ఆజ్ఞను కాదని ఆయుధం ఎత్తడం మ్యూటినీ. దానికి మనకు విడిగా ఒక మాట లేదు, అవసరం కూడా పడలేదు. 'సిపాయిల' అన్న విశేషణమే ఆ పని చేస్తుంది. మీరు 'వేలూరు తిరుగుబాటు' అని మాత్రమే రాసి ఉంటే, 'వేలూరు సిపాయిల తిరుగుబాటు' అని దిద్దుకోండి.

సైన్యంలో తిరుగుబాటు వేరు, సైనిక తిరుగుబాటు వేరు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో రాత్రి డ్యూటీలో ఒక విదేశీ వార్త వచ్చింది. బారకాసులో జీతాల కోసం జవాన్లు అధికారులను నిర్బంధించారు. నేను 'సైనిక తిరుగుబాటు' అని శీర్షిక పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు మా సంపాదకులు పిలిచి, "ఆ దేశంలో ప్రభుత్వం పడిపోయిందని నీకెవరు చెప్పారయ్యా?" అని అడిగారు. పాఠకులు సైనిక తిరుగుబాటు అంటే సైన్యం గద్దెనెక్కిందనే చదువుకుంటారు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో జరిగింది అది. 2009 ఫిబ్రవరిలో ఢాకాలో సరిహద్దు దళం జవాన్లు తమ అధికారుల మీదే కాల్పులు జరిపింది మరొకటి, అది దళంలో తిరుగుబాటు. ఒక్క విభక్తి తేడాతో ఒక ప్రభుత్వం కూలిపోతుంది, జాగ్రత్త.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మాట, పితూరీ. మీ పేజీలో లేకపోయినా తర్వాతి అధ్యాయంలో గోదావరి మన్యంలోని రంప వస్తే తప్పకుండా తగులుతుంది.

అనువాదం పాఠం చెప్పే రోజుల్లో ఒక తరగతిలో 'రంప పితూరీ' అని బోర్డు మీద రాశాను. తిరుపతి అమ్మాయి ఒకరు చేయెత్తి "ఎవరి మీద ఎవరికి చెప్పారు సార్?" అని అడిగింది. తరగతంతా నవ్వింది కానీ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన వైపు పితూరీ అంటే పైవాడి దగ్గరికి వెళ్లి ఇంకొకరి మీద చాడీ చెప్పడం. 'మేనేజరుకు పితూరీలు మోస్తాడు' అంటాం. గోదావరి మన్యంలో మాత్రం అదే మాటకు కొండవాళ్లు ఆయుధం పట్టడం అని అర్థం. 1879లో రంప ప్రాంతంలో కల్లు మీద వేసిన చిగురు పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం భరించలేక లేచిన పోరును రంప పితూరీ అన్నారు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపినదాన్నీ మన్యం పితూరీ అన్నారు. పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం అక్కడి మంటకు మూలం.

ఒకే మాటకు ఇంత దూరం ఎలా వచ్చింది? ఇది అరబీ, పారశీకాల మీదుగా హిందుస్తానీలోకి, అక్కడి నుంచి మనకు వచ్చిన ఫితూరు. కల్లోలం, చెడ్డ తలంపు, పేచీ అనేవి దాని అర్థాలు. పేచీ పెట్టేవాడు ఇద్దరి మధ్య పుల్ల పెడితే చాడీ. ఊరినంతా లేపితే తిరుగుబాటు. రెండింటినీ కలిపే దారం ఒకటుంది. రెండు చోట్లా ఇది పైన కూర్చున్నవాడి మాట. దొర కచేరీలో కూర్చుని, 'ప్రశాంతంగా ఉన్నచోట ఎవడో చిచ్చు పెట్టాడు' అనుకుంటే అది పితూరీ. మన్యంలో తాతల నాటి పోడు కోల్పోయినవాడు తన పనికి ఆ పేరు పెట్టుకోడు. అందుకే తర్వాతి వాళ్లు మన్యం పోరాటం, మన్యం విప్లవం అని మార్చుకున్నారు. పితూరీ పూర్తిగా పోనూ లేదు. చరిత్ర పేరుగా స్థిరపడింది, జనం దానిలోని తిట్టును మరిచిపోయారు. కాబట్టి రంప దగ్గర పితూరీ అని ధైర్యంగా వాడండి. చిత్తూరు పాళెగాళ్ల దగ్గర మాత్రం వద్దు. మన పాఠకుడు పాళెగాడు నవాబుకు చాడీలు చెప్పాడనుకుంటాడు.

ఇక్కడి నుంచి విప్లవానికి వెళ్లడం తేలిక. ఇదీ మొదట తిట్టే. సంస్కృతంలో విప్లవం అంటే ముంచెత్తే ఉపద్రవం. 'ప్లవ' అంటే తేలడం, మన అరవై ఏళ్ల పేర్లలో కూడా ఉంది. అమరకోశం విప్లవాన్ని డింబ, డమర శబ్దాల పక్కన, అంటే దొమ్మీలూ దోపిడీల వరసలో కూర్చోబెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో రష్యా, ఫ్రాన్సు చరిత్రలు తెలుగులోకి వచ్చేసరికి ఈ మాట గౌరవం తెచ్చుకుంది. ఎంత గౌరవమంటే 1970లో పుట్టిన రచయితల సంఘం తన పేరులోనే 'విప్లవ' అని పెట్టుకుంది. వింత ఏమిటంటే ఇంగ్లీషులో రివల్యూషన్‌కు మూలార్థం తిరగడం. మనం 'తిరుగు'ను రెబెలియన్‌కు ఇచ్చి, రివల్యూషన్‌కు వరద మాటను అంటగట్టాం.

విప్లవానికీ తిరుగుబాటుకూ తేడా తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. హరిత విప్లవం, క్షీర విప్లవం అంటాం. హరిత తిరుగుబాటు అంటే పంట పొలాలు రైతు మీదికి లేచాయేమో అనిపిస్తుంది. విప్లవం అనాలంటే వ్యవస్థ మారాలి, లేదా మార్చాలన్న పథకమైనా ఉండాలి. తిరుగుబాటుకు పథకం అక్కర్లేదు, ఓడిపోయినా అది తిరుగుబాటే. మీ పుస్తకంలో విప్లవం అనదగ్గ ఘట్టం ఉందని నాకు అనిపించడం లేదు. వీరుల మీద అభిమానంతో ఆ మాట వేయకండి.

అప్‌రైజింగ్ అంటే జనం లేచారన్న భావన ముఖ్యం. నాయకుడూ సైన్యమూ కాక ఊళ్లకు ఊళ్లు కదిలితే 'ప్రజా తిరుగుబాటు' అనవచ్చు, 'జనం లేచారు' అని క్రియతో చెప్పేస్తే ఇంకా బాగుంటుంది. నామాల కోసం వెతికి వెతికి మన వాక్యాలు బరువెక్కుతున్నాయి.

ధిక్కారం గురించి క్లుప్తంగా. దానికి గుంపు అక్కర్లేదు, ఆయుధం అక్కర్లేదు, కదలడమూ అక్కర్లేదు. ఒక్క మనిషి చేతులు కట్టుకుని నిలబడి 'చేయను' అన్నా ధిక్కారమే. కోర్టు ధిక్కారం, విప్ ధిక్కరణ అనేవి అలా వచ్చినవి. 1921లో చీరాల-పేరాల జనం మునిసిపల్ పన్నులు కట్టకుండా ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. దాన్ని తిరుగుబాటు అంటే వాళ్లు పాటించిన అహింసను మాయం చేసినట్టవుతుంది. నిరాకరణ అనాలి.

రాజద్రోహానికి వద్దాం. ఇక్కడ తప్పు చేస్తే అనువాదం కాస్తా అభియోగం అయిపోతుంది. తిరుగుబాటు అనేది చేసే పని, రాజద్రోహం నేరం పేరు. శిక్షాస్మృతిలో 124ఎ సెక్షన్‌ను 1870లో చేర్చారు. దాని కింద రాతకూ మాటకూ కూడా శిక్ష పడేది. 1908లో తిలక్‌ను ఆరేళ్లు బర్మాలోని మాండలే జైలుకు పంపింది దాని కిందే. అదే ఏడాది పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లిందీ రాజద్రోహం నేరం మీదే. ఆయన ఎవరి మీదా తిరగబడలేదు, కలం కదిపారు అంతే. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ అమలును నిలిపివేసింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పేరుతో నేరం లేదు. దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతలకు భంగం కలిగించడం గురించి 152వ సెక్షన్ ఉంది. పాత కేసు గురించి రాస్తే రాజద్రోహం అనండి, కొత్త కేసుకు సెక్షన్ చెప్పండి. ఈ రెండింటికీ 'దేశద్రోహం' అని రాసే అలవాటు ఈ మధ్య పెరిగింది. అది వేదికల మీది మాట, చట్టంలో నేరం పేరు కాదు. 'విద్రోహ చర్య' ఇంకొకటి, రైలు పట్టాలు తప్పించడం లాంటి పనులకు వాడేది.

ఎన్నికల కాలంలో ఈ మాట పడే పాట్లు చెప్పకుండా ఉండలేను. టికెట్టు రాని ప్రతి నాయకుడూ మన పత్రికల్లో 'తిరుగుబావుటా' ఎగరవేస్తాడు. బావుటా అంటే జెండా. నామినేషన్ల ఉపసంహరణ గడువు నాటికి ఆ బావుటాల్లో సగం మడిచి జేబులో పెట్టుకుంటారు. 'తిరుగుబాటు అభ్యర్థి' మాత్రం మంచి మాటే, పార్టీ కింద ఉన్నవాడు పార్టీకే ఎదురు నిలిచాడు కదా. గెలిచాక పార్టీ మారితే అది తిరుగుబాటు కాదు, ఫిరాయింపు. దానికి 1985లో రాజ్యాంగ సవరణ చేసి పదో షెడ్యూలు చేర్చారు. అన్నట్టు, ఇంగ్లీషు మాట కొన్నిచోట్ల ఇంగ్లీషులోనే ఉండాలి. కృష్ణంరాజును రెబల్ స్టార్ అన్నారు. తిరుగుబాటు తార అని ఉంటే ఆయన ఏమనేవారో.

ఇంటి విషయాల్లో ఈ మాటను దూరంగా పెట్టండి. పదిహేనేళ్ల పిల్లవాడి గురించి 'తిరుగుబాటు స్వభావం' అని ఈ మధ్య అనువాదాల్లో చూస్తున్నాను. మన ఇళ్లలో పిల్లలు ఎదురు చెబుతారు, మొండికేస్తారు, పెడసరంగా ఉంటారు, మహా అయితే ఎదురు తిరుగుతారు.

ఇక మీ పేజీ. మీ ప్రశ్నలో ఉన్న సమాచారాన్ని బట్టి నేనైతే ఇలా మారుస్తాను. పాళెగాళ్ల రెబెలియన్ రచయిత మాటైతే ప్రతిఘటన, కంపెనీ ఉత్తరంలోదైతే తిరుగుబాటు. తర్వాతి వాక్యంలోని రివోల్ట్‌ను నామం చేయకుండా 'తిరగబడ్డారు' అని క్రియలో పెడతాను, దానితో ఒక సున్నా తగ్గుతుంది. వేలూరుకు సిపాయిల తిరుగుబాటు. పల్లెల అప్‌రైజింగ్‌కు 'ఊళ్లు లేచాయి'. సెడిషన్ మాత్రం ఎవరి మీద, ఏ ఏడాది మోపారో చూసుకోండి. 1870కి ముందుదైతే ఆ సెక్షన్ అప్పటికి లేదు, కాబట్టి సెక్షన్ జోలికి పోకుండా రాజద్రోహం అని మాత్రం రాయండి.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న: స్త్రీ అయితే 'తిరుగుబాటుదారిణి' అనాలా? అక్కర్లేదు. 'దారు' హవల్దారు, జమీందారుల్లోది, పారశీకం నుంచి వచ్చింది. దానికి సంస్కృత స్త్రీ ప్రత్యయం తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. తిరుగుబాటుదారు అంటే ఎవరైనా కావచ్చు. 'తిరుగుబాటుదారుడు' అనే రూపం వాడుకలో పాతుకుపోయింది కానీ నేను డెస్కులో ఉన్నంతకాలం దానిలోని 'డు' కొట్టేస్తూనే ఉన్నాను.